హస్కర్ డూ, మా పెద్దాయన, నేను

హస్కర్ డూ గురించి ఎక్కడ మాటొచ్చినా అదే వరస చెబుతారు. మొదట్లో ఊపిరి తిప్పుకోనివ్వనంత స్పీడుగా వాయించిన హార్డ్‌కోర్ పంక్ బ్యాండు, తర్వాత మెల్లగా మెత్తబడింది, పాప్ వైపు జరిగింది, పెద్ద కంపెనీలో చేరింది, రెండేళ్లకే ముక్కలైంది. ఈ కథ నాకు మొట్టమొదట చెప్పింది మా పెద్దాయన. ఆయనంటే నాకెంత గౌరవమో ఆయనకీ తెలుసు, కానీ ఈ ఒక్క విషయంలో అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. హస్కర్ డూ మెత్తబడలేదు. పాట మొదట్నుంచీ ఆ రొద లోపలే ఉంది, వాళ్లు చేసిందల్లా ఏడాదికేడాది దాన్ని కొంచెం కొంచెంగా పైకి రానివ్వడమే.

పెద్దాయన అంటే చుట్టం కాదు. 2003లో నేను ఎమ్మెస్ చేయడానికి యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటాకి వెళ్లినప్పుడు మా ల్యాబ్‌లో మెషిన్లు చూసుకునే టెక్నీషియన్. సౌత్ సెయింట్ పాల్‌లో పుట్టి పెరిగిన మనిషి, అప్పటికే నలభై దాటాయి. ల్యాబ్‌లో ఉన్న తెలుగువాళ్లం మాలో మేం ఆయన్ని పెద్దాయన అనుకునేవాళ్లం, ఓ రోజు అదేంటని అడిగితే చెప్పాం, ఆయనకి నచ్చింది, ఇక ఆ పేరే ఉండిపోయింది. వర్క్‌షాప్‌లో లేత్ పక్కన బల్ల మీద ఓ పాత టేప్‌రికార్డరు ఉండేది, బల్ల కింద అట్టపెట్టె నిండా క్యాసెట్లు. ఒక్కో క్యాసెట్ అట్ట మీద బాల్‌పెన్నుతో తేదీ, క్లబ్బు పేరు, పక్కన ఆ రోజు ఇంకెవరు వాయించారో చిన్న అక్షరాలతో రాసుండేది. గ్రీజు చేతులతో ముట్టుకోకుండా ముందు గుడ్డకి తుడుచుకుని, అప్పుడు తీసేవారు.

క్యాసెట్ల పిచ్చి నాకూ ఉంది. గుంటూరులో మా వీధి చివర రికార్డింగ్ సెంటర్‌కి కాగితం మీద పాటల లిస్టు రాసిచ్చి, ఖాళీ క్యాసెట్ ఇచ్చి, ఎప్పుడిస్తాడా అని చూసుకున్న తరం మాది. ఇళయరాజా పాటలు వినీ వినీ చెవికి ఒక అలవాటు పడిపోయింది: పల్లవి ఎలా ఎత్తుకున్నాడు, చరణం ముందు మ్యూజిక్‌లో బేస్ గిటార్ ఎటు నడిచింది, గొంతు కింద ఇంకేం జరుగుతోంది అని వెతుక్కోవడం. రాక్ అంటే ఇంజనీరింగ్ హాస్టల్లో సీనియర్లు పెట్టే మెటాలికా, ఐరన్ మెయిడెన్ వరకే తెలుసు. పంక్ ఎప్పుడూ వినలేదు.

మొదట ఆయన పెట్టింది ల్యాండ్ స్పీడ్ రికార్డ్. 1981 ఆగస్టు 15న, మనకి జెండా పండుగ రోజు, మినియాపొలిస్ డౌన్‌టౌన్‌లో సెవెంత్ స్ట్రీట్ ఎంట్రీ అనే చిన్న క్లబ్బులో లైవ్‌గా రికార్డు చేసిన ఆల్బమ్. 17 పాటలు, అన్నీ కలిపి 26 నిమిషాల చిల్లర. పాటకీ పాటకీ మధ్య ఖాళీ ఉండదు, చప్పట్లు కొట్టే టైమూ ఇవ్వరు, ఒకటి అయిందో లేదో తెలిసేలోపు డ్రమ్స్ మీద నాలుగు దెబ్బలు, ఇంకోటి మొదలు. అట్ట మీద వియత్నాం యుద్ధంలో చనిపోయిన అమెరికన్ సైనికుల శవపేటికల ఫొటో. ఆ రాత్రి ఆ గదిలో మా పెద్దాయన ఉన్నారు. ఇరవయ్యేళ్ల కుర్రాడిగా స్పీకర్ ముందు నిలబడ్డారట, మర్నాడంతా చెవుల్లో గింగురుమంటూనే ఉందట. అది చెప్పేటప్పుడు ఆయన మొహంలో కనిపించే వెలుగు చూసే నేను ఆ టేపు మళ్లీ పెట్టమని అడిగాను, పాట అర్థమై కాదు. నిజానికి మొదటిసారి నాకు వినిపించింది రేకుల షెడ్డు మీద జోరువాన పడుతున్నట్టు ఒకటే చప్పుడు.

కానీ ఆయన రోజూ పెట్టేవారు కాబట్టి రోజూ వినేవాణ్ణి. కొన్నాళ్లకి ఆ చప్పుడులో గీతలు కనిపించడం మొదలైంది. ఇక్కడ గిటార్ ఒక రాగంలాంటిది పట్టుకుంటోంది, ఇక్కడ వెనకాల ఇంకో గొంతు పైస్థాయిలో కలుస్తోంది. ఆఖర్లో డేటా కంట్రోల్ అని ఒక పాటుంది, మిగతావన్నీ నిమిషం, నిమిషంన్నరైతే అది అయిదు నిమిషాల పైన, బరువుగా, నెమ్మదిగా సాగుతుంది. ఇంత స్పీడు మనుషులు చివర్లో ఇలా ఎందుకు ఆగారని అడిగితే, అప్పటికి అలిసిపోయుంటారులే అన్నారు పెద్దాయన. మా వాదన మొదలైంది అక్కడే.

హార్డ్‌కోర్ తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. 1970ల చివర్లో వచ్చిన పంక్‌ని లాస్ ఏంజెలెస్, వాషింగ్టన్ డీసీ లాంటి ఊళ్ల కుర్రాళ్లు 1980 నాటికి ఇంకా స్పీడు పెంచి, ఇంకా కుదించి, సోలోలూ అలంకారాలూ తీసిపారేసి చేసుకున్న సంగీతం అది. రేడియో వేయదు, కంపెనీలు తీసుకోవు, అందుకని సొంతంగా రికార్డులు వేసుకోవడం, వ్యాన్‌లో సామాన్లు పడేసుకుని ఊరూరూ తిరగడం, ఎవరింట్లోనో నేల మీద పడుకోవడం. హస్కర్ డూ వాళ్లదీ అదే బతుకు. కాకపోతే వీళ్లు తీరాల నుంచి వచ్చినవాళ్లు కారు, జనవరిలో కనురెప్పల మీద మంచు గడ్డకట్టే మిన్నెసోటా వాళ్లు.

బాబ్ మౌల్డ్ న్యూయార్క్ రాష్ట్రంలో కెనడా సరిహద్దు దగ్గర మెలోన్ అనే చిన్న ఊరి నుంచి మినియాపొలిస్‌ని ఆనుకుని ఉన్న సెయింట్ పాల్‌లోని మెకలెస్టర్ కాలేజీలో చదువుకోవడానికి వచ్చాడు. కాలేజీ దగ్గర్లోని రికార్డుల షాపులో గ్రాంట్ హార్ట్ పనిచేసేవాడు. అక్కడ కలిసిన పరిచయం, దానికి గ్రెగ్ నార్టన్ తోడయ్యాడు, 1979లో బ్యాండు. మౌల్డ్ గిటార్, హార్ట్ డ్రమ్స్, నార్టన్ బేస్. పాటలు రాసేదీ పాడేదీ ఎక్కువగా మొదటి ఇద్దరూ. హార్ట్ చెప్పుల్లేకుండా ఉత్త కాళ్లతో డ్రమ్స్ వాయించేవాడు, నార్టన్‌కి రెండు వైపులా మెలితిప్పిన మీసం, మౌల్డ్ చేతిలో వీ ఆకారం గిటార్. పంక్ బ్యాండంటే ఎలా కనపడాలో అప్పటికే అందరికీ ఓ లెక్క ఉండేది, వీళ్లు ముగ్గురూ దాన్ని పట్టించుకోలేదు.

1981 జనవరిలో సొంత లేబుల్, అంటే సొంత రికార్డు కంపెనీ, రిఫ్లెక్స్ మీద వేసిన మొదటి సింగిల్ స్టాచ్యూస్ వింటే స్పీడు ఊసే ఉండదు, సాగదీసిన చీకటి పాట. ఆ వేసవిలో కెనడా మీదుగా పశ్చిమ తీరం దాకా టూర్ వెళ్లి, అక్కడి బ్యాండ్లని చూసి, రాత్రికి రాత్రి స్పీడు పెంచుకుంటూ వచ్చారు. తిరిగొచ్చిన ఊపులోనే ఎంట్రీలో ఆ రికార్డింగ్ జరిగింది. అంటే స్పీడు వాళ్లకి పుట్టుకతో వచ్చింది కాదు, నేర్చుకున్నది. నేర్చుకున్నదాన్ని తర్వాత వేరేలా వాడుకుంటే అది మెత్తబడటం ఎలా అవుతుంది? ఈ ప్రశ్న నేను పెద్దాయన్ని ఎన్నిసార్లు అడిగానో.

మౌల్డ్ గిటార్ గురించి మాత్రం మేమిద్దరం ఎప్పుడూ ఒకే మాట మీద ఉన్నాం. బ్యాండులో ఒక్కటే గిటార్, కానీ ఇద్దరు ముగ్గురు వాయిస్తున్నట్టు ఉంటుంది. కింది తీగలు బరబరా కొడుతూనే పై తీగలని వదిలేస్తాడు, అవి మోగుతూనే ఉంటాయి, తంబురా శ్రుతిలా ఒక స్వరం పాటంతా నిలబడి ఉంటుంది, దాని మీద కార్డులు, అంటే కలిపి మోగే స్వరాల గుంపులు, మారుతుంటాయి. గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే డిస్టార్షన్ పెడల్ తీవ్రంగా ఉంటుంది, శబ్దం సన్నగా పదునుగా ఉంటుంది, మెటల్‌లో ఉండే ఆ లావు ఉండదు. చాలామందికి ఈ రికార్డుల్లో బేస్ వినపడలేదనీ గొంతు లోపలెక్కడో ఉందనీ కంప్లయింట్. నాకూ మొదట అనిపించింది. కానీ ఆ మోగే పై తీగలని ఒకసారి పట్టుకుంటే పాట మొత్తం అక్కణ్నుంచే విప్పుకుంటుంది. ఇక హార్ట్ డ్రమ్స్ ఎంత స్పీడులోనైనా కొంచెం ఊగుతుంటాయి, మిషన్‌లా ఉండవు. అంత వేగంలో వాయిస్తూ పాడేవాడు కూడా, అదీ కేకలు కాదు, శుభ్రంగా స్వరం మీద.

1983 నాటికి ఈ రాగం సంగతి బయటపడిపోయింది. ఆ ఏడాది వచ్చిన ఎవ్రీథింగ్ ఫాల్స్ అపార్ట్‌లో 1960ల నాటి గాయకుడు డోనవన్ పాట ఒకటి తీసుకుని తమ స్పీడులో వాయించారు. అదే ఏడాది ఎస్ఎస్‌టీ లేబుల్ మీద మెటల్ సర్కస్ వచ్చింది, ఏడే పాటలు. అందులో హార్ట్ రాసిన డయాన్ పాట సెయింట్ పాల్ వైపు నిజంగా జరిగిన ఒక వెయిట్రెస్ హత్య మీద, అదీ హంతకుడి గొంతుతో. నెమ్మదిగా, చక్కటి రాగంతో పాడటం వల్లే అది వినడానికి అంత భయం వేస్తుంది. ఆ హత్య నాటికి పెద్దాయన ఇంకా టీనేజీలోనే ఉన్నారు, ఆ రోజుల్లో వాళ్లమ్మ అక్కచెల్లెళ్లని చీకటి పడ్డాక బస్సెక్కనిచ్చేవారు కాదట. ఆ పాట వచ్చినప్పుడు మాత్రం ఆయన మెషిన్ ఆపేసేవారు.

ఇక జెన్ ఆర్కేడ్.

1983 అక్టోబర్లో కాలిఫోర్నియాలోని రెడోండో బీచ్‌లో ఒక స్టూడియోలో, స్పాట్ అనే ఇంజనీర్‌తో రికార్డు చేశారు. 25 పాటలు వాయిస్తే రెండు తప్ప అన్నీ మొదటి టేకే. మిక్సింగ్ 40 గంటలు ఏకబిగిన. మొత్తం ఖర్చు 3,200 డాలర్లు. దాంట్లోంచి 23 పాటలతో రెండు ప్లేట్ల ఆల్బమ్ వచ్చింది. హార్డ్‌కోర్ వాళ్ల దృష్టిలో అప్పటిదాకా డబుల్ ఆల్బమ్ అంటే లావెక్కిన పాత రాక్ బ్యాండ్లు చేసే పని. వీళ్లు చేయడమే కాదు, అందులో కథ కూడా చెప్పారు: ఇల్లు నరకంగా మారిన ఓ కుర్రాడు బయటికి పారిపోతాడు, బయట ప్రపంచం ఇంకా ఘోరంగా ఉంటుంది. 1984 జూలైలో విడుదలైంది. పెద్ద ఎడిషన్ వేయలేదు, అయిదు వేల లోపే, షాపుల్లోకి వచ్చినవి వచ్చినట్టే అయిపోయాయి. సరిగ్గా టూర్‌లో ఉన్నప్పుడు, పత్రికలన్నీ పొగుడుతున్నప్పుడు, కొందామంటే దొరకలేదు. అదే జూలైలో అదే ఊరివాడైన ప్రిన్స్ సినిమా పర్పుల్ రెయిన్ దేశమంతా విడుదలైంది, అందులో ప్రిన్స్ స్టేజ్ మీద పాడేది ఫస్ట్ అవెన్యూ క్లబ్బులో. సెవెంత్ స్ట్రీట్ ఎంట్రీ దాని పక్క గదే. ఒకే కప్పు కింద ఒక వైపు అది, ఒక వైపు ఇది. ఒకప్పుడు గ్రేహౌండ్ బస్టాండుగా ఉన్న ఆ నల్లటి భవనం బయట గోడ మీద వరసగా తెల్ల నక్షత్రాలు ఉంటాయి, ఒక్కో దాంట్లో అక్కడ వాయించినవాళ్ల పేరు. నేను ఊరికొచ్చిన కొత్తలో అక్కడికి ప్రిన్స్ పేరు కోసం వెళ్లాను, తర్వాత వెళ్లింది హస్కర్ డూ పేరు కోసం.

జెన్ ఆర్కేడ్ నేను విన్నది ఎక్కువగా 16 నంబర్ బస్సులో. క్యాంపస్ నుంచి సెయింట్ పాల్ దాకా యూనివర్సిటీ అవెన్యూ మీద ఆగుతూ ఆగుతూ పోయే బస్సది, ఆ రోడ్డు మీద ఇంకా రైలు రాలేదు. చలికాలంలో కిటికీ అద్దం లోపలివైపు కూడా మంచు పట్టేది, గ్లోవ్ తీసి గోటితో గీకితే కాస్త రోడ్డు కనిపించేది. మొదటి పాట ముందు డ్రమ్స్‌తో మొదలవుతుంది, తర్వాత బేస్ చేరుతుంది, అప్పుడు గిటార్ వచ్చి మీద పడుతుంది. మూడో పాట నెవర్ టాకింగ్ టు యూ అగైన్. డ్రమ్స్ లేవు, కరెంటు గిటార్ లేదు, హార్ట్ గొంతు, అకూస్టిక్ గిటార్, రెండు నిమిషాలు కూడా లేదు. హార్డ్‌కోర్ ఆల్బమ్‌లో, మూడో పాటకే! ఇలాంటిది చేస్తే తమ వాళ్లే తిడతారని తెలిసీ చేశారు. నేనైతే ఆ ఒక్క పాటని ఒకే ప్రయాణంలో వెనక్కి తిప్పి తిప్పి విన్నాను.

ఇంకొంచెం ముందుకెళ్తే హరే కృష్ణ అనే పాటొస్తుంది. పేరు చూసి ఏదో వేళాకోళం అనుకున్నాను. కాదు, గిటార్ల హోరు మధ్యలో నిజంగానే ఆ నామం వినిపిస్తుంది, పాతకాలం రాక్ గిటారిస్టు బో డిడ్లీ తరహా తాళం మీద. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో కార్తీకమాసం భజనల్లో హార్మోనియం, తాళాలతో విన్న నామం, సెయింట్ పాల్ మంచులో పంక్ బ్యాండు నోట. ఇంటికి ఫోన్ చేసి మా అమ్మకి చెప్తే, వినిపించు అంది, కాలింగ్ కార్డులో మిగిలిన నిమిషాలన్నీ దానికే అయిపోయాయి. "భజనే గానీ పక్కనెవరో ఇల్లు పడగొడుతున్నారేంట్రా" అంది. నిజం చెప్పాలంటే ఆ పాటలో జరిగేది అదే: ఇల్లు వదిలొచ్చిన పిల్లాడు ఆసరా కోసం తడుముకుంటూ దొరికినవాళ్లని పట్టుకుంటాడు.

పింక్ టర్న్స్ టు బ్లూ గురించి ఎక్కువ చెప్పలేను. డ్రగ్స్ ఎక్కువై ఓ అమ్మాయి చనిపోతుంది, హార్ట్ దాన్ని ప్రేమపాటంత అందంగా పాడతాడు. ఆఖర్లో 14 నిమిషాల వాయిద్యం ఒకటుంది, మాటల్లేవు, గిటార్ అరుస్తూ మూలుగుతూ తిరుగుతుంది. ఆల్బమ్‌లో ఆ ఒక్కటి నాకు బాగా ఎక్కిందని చెప్పలేను, పెద్దాయనకి ప్రాణం.

జెన్ ఆర్కేడ్ కన్నా కొద్దిగా ముందు బర్డ్స్ బ్యాండు 1966 నాటి ఎయిట్ మైల్స్ హై పాటని సింగిల్‌గా వేశారు. ఒరిజినల్‌లో మెత్తగా తేలిపోయే పాట. మౌల్డ్ మాటలతో మొదలుపెట్టి, పోను పోను మాటలు అరుపులుగా మారి, చివరికి గొంతు చీరుకుపోయే కేక మాత్రమే మిగులుతుంది. కానీ రాగం తప్పడు, ఆ కేకలోనూ రాగం ఉంది. నా వాదనకి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు అంటాను నేను. చూశావా, పాప్ పాటని తీసుకుని చంపారు అంటారు పెద్దాయన.

1985లో రెండు ఆల్బమ్‌లు. జనవరిలో న్యూ డే రైజింగ్, సెప్టెంబర్లో ఫ్లిప్ యువర్ విగ్. మొదటిదాంట్లో టైటిల్ పాటకి సాహిత్యమే ఆ మూడు మాటలు, వాటినే మళ్లీ మళ్లీ అంటూ గొంతు చించుకుంటారు, విన్న ప్రతిసారీ నాకు పొద్దున్నే ఎవరో కిటికీ తలుపులు బార్లా తెరిచినంత హుషారు వస్తుంది. సెలబ్రేటెడ్ సమ్మర్ గురించి తప్పకుండా చెప్పాలి. పూర్తి వేగంలో పరిగెడుతున్న పాట ఉన్నట్టుండి తెగిపోతుంది, అకూస్టిక్ గిటార్ మీద మౌల్డ్ నెమ్మదిగా, దాదాపు తనలో తను మాట్లాడుకుంటున్నట్టు పాడతాడు, మళ్లీ ఒక్కసారిగా కరెంటు గిటార్ వచ్చి మీద పడుతుంది. మిన్నెసోటాలో బతికితే ఆ పాట ఇంకా బాగా తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ వేసవి అంటే గట్టిగా మూడు నెలలు, అందరూ చెరువుల దగ్గరికి పరిగెడతారు, సెప్టెంబర్లో గాలి మారగానే మనుషుల మొహాలు కూడా మారతాయి.

ఫ్లిప్ యువర్ విగ్ దగ్గరే పెద్దాయన దిగిపోయారు. మేక్స్ నో సెన్స్ ఎట్ ఆల్ విని "ఇది రేడియో కోసం చేసింది" అని క్యాసెట్ తీసి పక్కన పెట్టేశారట అప్పట్లో. ఆ క్యాసెట్ అట్టపెట్టెలో కొత్తదానిలా ఉండేది, నాకు తెలిసి ఆ పెట్టెలో గీతలు పడని అట్ట అదొక్కటే. దాన్ని నేనే అరువు తీసుకుని అరగదీశాను. అదే వాళ్లు బయటివాళ్లెవరూ లేకుండా సొంతంగా ప్రొడ్యూస్ చేసుకున్న మొదటి ఆల్బమ్. గిటార్ శబ్దం ఏమీ తగ్గలేదు, గొంతులు మాత్రం ముందుకొచ్చాయి. పక్కన నిలబడి ఉన్న పాట ఒకడుగు ముందుకేసింది, అంతే.

1986లో పెద్ద కంపెనీ వార్నర్ బ్రదర్స్. అక్కడ మొదటి ఆల్బమ్ క్యాండీ ఆపిల్ గ్రే. డబ్బుకి అమ్ముడుపోయారని అరిచినవాళ్లు చాలామంది. ఆ ఆల్బమ్‌లో మౌల్డ్ అకూస్టిక్ గిటార్‌తో పాడిన పాటలు ఎంత చీకటిగా ఉంటాయంటే, డబ్బు కోసం ఎవరూ అలాంటివి రాయరు. 1987 జనవరిలో వేర్‌హౌస్, మళ్లీ డబుల్, 20 పాటలు: మౌల్డ్‌వి 11, హార్ట్‌వి 9. వింటుంటే ఇద్దరూ ఒకే గదిలో ఒకరికొకరు జవాబు చెప్పుకోవడం లేదు, పక్కపక్క గదుల్లో ఎవరి పాట వాళ్లు పాడుకుంటున్నారు అనిపిస్తుంది. ఇన్నాళ్లూ నువ్వొకటి రాస్తే నేనొకటి అన్న పోటీయే వాళ్లని అంత తొందరగా అంత దూరం తీసుకెళ్లింది, అదే పోటీ లోపల్నుంచి తినేసింది కూడా. ఫిబ్రవరిలో టూర్ మొదలవబోయే ముందు వాళ్ల మేనేజర్ డేవిడ్ సవోయ్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ దుఃఖంలోనే టూర్ వెళ్లారు, రాత్రికో ఊళ్లో వేర్‌హౌస్ మొత్తం వరసగా వాయించారు. హార్ట్ హెరాయిన్‌తో పోరాడుతున్నాడు. డిసెంబర్లో మిస్సోరీలోని కొలంబియాలో చివరి షో, 1988 జనవరికి బ్యాండు లేదు.

ఇంకో సంగతి కూడా ఈ పాటలతో కలిసే ఉంది. హార్డ్‌కోర్ అంటే మగతనం చూపించుకునే కుర్రాళ్ల గుంపు అన్న పేరుంది, చాలా చోట్ల నిజమే కూడా. ఆ గుంపు మధ్యలో నిలబడి పాడుతున్న మౌల్డ్ గే, ఆ సంగతి బహిరంగంగా చెప్పింది 1994లో. అతని ప్రేమపాటల్లో అతనూ ఆమే కాకుండా ఎక్కువగా నువ్వూ నేనే ఉంటాయి. అది తెలిశాక మళ్లీ వింటే ఆ పాటల్లో ఊపిరాడనితనం ఎక్కడిదో తెలుస్తుంది, నాకైతే గౌరవం రెట్టింపయింది.

2004 అక్టోబర్లో సోల్ ఎసైలమ్ బ్యాండు బేసిస్ట్ కార్ల్ మ్యూలర్‌కి క్యాన్సర్ వస్తే మినియాపొలిస్‌లో సాయం కోసం ఒక షో పెట్టారు. మౌల్డ్ వస్తున్నాడని తెలిసి పెద్దాయన రెండు టికెట్లు తీసుకున్నారు. మౌల్డ్ పాడుతుండగా హార్ట్ స్టేజ్ మీదికొచ్చాడు. విడిపోయిన ఇన్నేళ్లకి ఇద్దరూ కలిసి రెండు పాటలు పాడారు, హార్డ్లీ గెటింగ్ ఓవర్ ఇట్, నెవర్ టాకింగ్ టు యూ అగైన్. ఒకటి మౌల్డ్‌ది, ఒకటి హార్ట్‌ది. రెండూ నెమ్మది పాటలే. మెత్తబడిన కాలం పాటలని పెద్దాయన ఎప్పుడూ కొట్టిపారేసే వాటిలో మొదటిది ఒకటి. నేను పక్కకి చూస్తే ఆయన టోపీ చేతిలోకి తీసుకుని నిలబడి ఉన్నారు. కారులో తిరిగొస్తూ దాని గురించి నేనేం అడగలేదు, ఆయనేం చెప్పలేదు.

చదువైపోయి ఊరు వదిలే ముందు నికొలెట్ అవెన్యూలో 2541 నంబర్ భవనం చూసొచ్చాను. వాళ్ల ఆఫీసూ వాళ్లు రికార్డింగ్ చేసిన స్టూడియో అక్కడే ఉండేవి, చుట్టూ వియత్నామీ హోటళ్లు. బ్యాండు విడిపోయిన ఏడాదే హార్ట్ ఆ ఇంటి నంబరు పేరుతో ఒక పాట వేశాడు, కలిసి ఉన్న ఇంటిని ఖాళీ చేయడం గురించి. రూమ్మేట్స్‌తో కలిసి ఉన్న అపార్ట్‌మెంట్ తాళాలు అప్పగించి వస్తున్న రోజుల్లో ఆ పాట నాకు ఎంత దగ్గరయిందో మాటల్లో పెట్టలేను.

తర్వాత మౌల్డ్ షుగర్ బ్యాండు, సోలో ఆల్బమ్‌లు, ఇప్పటికీ ఆ గిటార్ అలాగే మోగుతోంది. నార్టన్ వంట వైపు వెళ్లి రెస్టారెంట్ నడిపాడు. హార్ట్ నోవా మాబ్ అనే బ్యాండు పెట్టాడు, 2013లో మిల్టన్ కావ్యం ఆధారంగా ద ఆర్గ్యుమెంట్ అనే ఆల్బమ్ చేశాడు. అది దొరికితే వినండి, చాలామంది వినకుండా వదిలేసిన గొప్ప పని. పిక్సీస్ బ్యాండు 1986లో బేసిస్ట్ కోసం ఇచ్చిన ప్రకటనలో హస్కర్ డూ, మెత్తటి జానపద గీతాలు పాడే పీటర్ పాల్ అండ్ మేరీ బృందం, రెండూ ఇష్టపడేవాళ్లు కావాలని రాశారు. రొద, రాగం రెండూ కావాలని. ఆ తర్వాత నిర్వాణా నుంచి అటువైపు ఎవరు గట్టి గిటార్ల మీద పాడుకునే రాగం పెట్టినా దారి వేసింది ఈ ముగ్గురే.

2017 సెప్టెంబర్ 13న హార్ట్ చనిపోయాడు, 56 ఏళ్లు. నేనప్పటికి న్యూజెర్సీలో ఉన్నాను. పొద్దున్నే పెద్దాయన దగ్గర్నుంచి మెసేజ్, పేరొక్కటే, ఇంకేం లేదు. నవంబర్లో సావేజ్ యంగ్ డూ అని వాళ్ల తొలి రోజుల రికార్డింగులన్నీ ఏరి ఒక పెద్ద బాక్స్ సెట్ వచ్చింది, అంతకుముందు ఎక్కడా విడుదల కానివే అందులో ఎక్కువ. 1979, 80 నాటి రిహార్సల్ టేపులు, క్లబ్బు టేపులు. తెప్పించుకుని మొదటి ప్లేటు పెట్టాను. ల్యాండ్ స్పీడ్ రికార్డ్‌కి రెండేళ్ల ముందు, ఇంకా ఎవరికీ తెలియని ముగ్గురు కుర్రాళ్లు. ఎవరో హుషారుగా ఈల వేసుకోదగ్గ పాటలు! పల్లవి, చరణం, వెనక కోరస్, అన్నీ ఉన్నాయి. ఇన్నేళ్లు నేను చెవులతో ఊహించి చెప్పిన మాటకి టేపు దొరికింది.

వెంటనే ఫోన్ చేశాను. ఆయన రిటైరై విస్కాన్సిన్‌లో ఓ చెరువు పక్కన ఉంటున్నారు. ఫోన్‌లోనే రెండు పాటలు వినిపించి, "పెద్దాయనా, ఇప్పుడైనా ఒప్పుకుంటారా, పాట మొదట్నుంచీ ఉంది" అన్నాను.

"1979లో మంచి పాటలు రాయలేదని నేనెప్పుడన్నాను?" అన్నారు. "కానీ ఆ ఆగస్టు రాత్రి ఆ గదిలో నేనున్నాను, నువ్వు లేవు."

అది నిజమే. అయినా డేటా కంట్రోల్ ముందు వచ్చే ఆ నాలుగైదు పాటలు మళ్లీ వినమన్నాను, ఈసారి స్పీడు వదిలేసి పై తీగలు మాత్రం వినమన్నాను. వింటానన్నారు. రెండు రోజులకి మెసేజ్ వచ్చింది: ఒకదాంట్లో ఉందట, మిగతావాటిలో లేదట, బాక్స్ తీసుకుని నన్నే రమ్మన్నారు, ఫ్లిప్ యువర్ విగ్ మాత్రం తేవద్దన్నారు. తీసుకెళ్లాను.